అక్క మెషిను మీద జారిన కుట్టు

నా చిన్నప్పుడు, 1969 ఎండాకాలం చివర్లో ఒక మంగళవారం. ఇంట్లో ఉన్నది ముగ్గురం: నేను, మా నానమ్మ, మా పక్క వాటాలో కిరాయికి ఉన్న అక్క. నాన్న ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడు. అమ్మ తమ్ముణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. తేదీ మాత్రం నా దగ్గర లేదు. డైరీ రాయడం నేను ఆ తరువాతే మొదలుపెట్టాను.

అప్పుడు మేము మూసాపేటలో ఉండేవాళ్ళం. తెలంగాణ ఉద్యమం వల్ల బడులు మూతబడ్డాయి. అక్కది గుంటూరు వైపు. దవాఖానలో నర్సు కాబట్టి గల్లీలో అందరూ సిస్టరమ్మ అనేవారు. ఆమె దగ్గర చేత్తో నడిపే అల్లిక మెషిను ఉండేది. బల్లకు బిగించిన పొడవాటి పట్టీ, దాని నిండా వరసగా కొక్కేల్లాంటి సూదులు, వాటి మీద అటూ ఇటూ జరిపే పిడి. ఒకసారి జరిపితే ఒక వరుస అల్లుకునేది. ఆ వారం నా కోసమే ఎరుపు తెలుపు గళ్ళ మేజోళ్ళు అల్లుతోంది. ఒకటి పూర్తయింది, రెండోది మెషిను మీద ఉంది. డిజైను గీసిన కాగితం చూస్తూ ఏ సూదులు ముందుకు రావాలో నేను లాగితే, అక్క పిడి జరిపేది.

ఆ మంగళవారం పొద్దున కిరాణా కొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్ళు నన్ను ఆపారు. "ఏ పాపా, మీ గల్లీల ఆంధ్రోళ్ళ ఇల్లేది?" అని ఒకతను అడిగాడు. అంత పెద్దవాళ్ళు నన్ను అడిగారన్న సంబరంలో అక్క వాటా వైపు వేలు చూపించాను. "నాలుగ్గొట్టంగ వద్దాం. సామానంత బజార్ల పారేద్దాం" అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటూ పోతుంటే గాని, నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నానమ్మ కొడుతుంది, అక్క ఇక నా మొహం చూడదు. మధ్యాహ్నం మామూలుగానే వెళ్ళి మెషిను ముందు కూర్చున్నాను. కళ్ళు కాగితం మీద కంటే గోడ గడియారం మీదే ఎక్కువ ఉన్నాయి. అలా ఒక సూదిని గబుక్కున లాగేసరికి దాని మీది కుట్టు జారిపోయింది. నేను చూశాను. అక్క చూడలేదు. నోరు మూసుకుని తరువాతి సూది లాగాను.

ఎనిమిది వరుసలు అయ్యాక అక్క వంగి చూసింది. అల్లిక బిగువుగా ఉండటానికి కింద తగిలించే బరువుకి ఆ కుట్టు నిచ్చెన మెట్లలా విడిపోతూ చాలా దూరం దిగింది.

"జారినప్పుడు నువ్వు చూశావు కదూ?"

తల ఊపాను.

"అప్పుడే చెప్పుంటే ఒక్క కుట్టే కదమ్మా. జారడం తప్పు కాదు. ఎవరికైనా జారుతుంది."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అక్కా, మీ ఇల్లు నేనే చూపెట్టిన" అన్నాను. పొద్దున జరిగిందంతా చెప్పేశాను.

పిడి మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఎన్నింటికి వస్తామన్నారు?" అంది. నాలుగింటికని చెప్పాను. గడియారం చూసింది. మూడుంపావు.

ఆమె పరుగెత్తలేదు. అక్కరకు రాని నల్ల ఊలుతో నాలుగు వరుసలు అల్లి, మేజోడును సూదుల మీంచి తీసేసింది. అలా చేస్తే సగంలో ఆపిన పని విడిపోదట. నాకు ఒక్కో నిమిషం ఒక్కో గంటలా ఉంది. తరువాత మెషిను విప్పి పెట్టెలో పెట్టింది. నానమ్మను పిలిచి, సామాను పారేయడానికి కుర్రాళ్ళు వస్తున్నారని మాత్రమే చెప్పింది, నా సంగతి ఎత్తలేదు. ముగ్గురం కలిసి పెట్టెను మా ఇంట్లోకి మోసి బొంతల కింద దాచాము. అక్క వాటాకు తాళం వేసి, నానమ్మ బియ్యం చేట ముందేసుకుని మా గడపలో కూర్చుంది.

వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. నలుగురు కాదు, ఇరవై మంది దాకా. లోపల చీకటి గదిలో అక్క నా చెయ్యి పట్టుకుని ఉంది.

"సిస్టరు డ్యూటీకి వోయింది. తాళం కండ్లకు కనవడ్తలేదా?" అంది నానమ్మ.

"ఏందవ్వా, నువ్వు గిట్ల ఆంధ్రోళ్ళ దిక్కు మాట్లాడ్తున్నవ్?"

"పోయిన్నెల మీ అక్క కాన్పు ఎవలు జేసిండ్రో ఇంటికి వోయి అడుగు బిడ్డా. ఇగ జరుగు, బియ్యంల దుమ్ము వడ్తుంది."

ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు. రెండు రాళ్ళు పడి అక్క కిటికీ అద్దం పగిలింది. తలుపు మాత్రం విరగ్గొట్టలేదు. కేకలు మెల్లగా గల్లీ చివరికి వెళ్ళిపోయాయి.

కబురు అందుకుని మర్నాడు పొద్దున్నే, సిటీలోనే ఉండే అక్క వాళ్ళన్నయ్య వ్యాను తీసుకుని వచ్చాడు. సామాను ఎక్కిస్తూ, "ఇన్ని ఇళ్ళుంటే ఈ ఇల్లే ఎలా తెలిసిందండీ వాళ్ళకి?" అని నాన్నను అడిగాడు. "ఏమెర్క సార్?" అన్నాడు నాన్న. నిజంగానే ఆయనకు తెలియదు. తెలిసిన అక్క పెట్టెకు తాడు కడుతూ తల ఎత్తలేదు. ఆమె చెప్పదని నాకు అర్థమైంది.

"నేనే చూపెట్టిన" అన్నాను.

నాన్న చెయ్యి లేచింది. "కొట్టకండి. నాకు నిన్ననే చెప్పిందండీ" అంది అక్క. వాళ్ళన్నయ్య నా వైపు చాలాసేపు చూశాడు. వెళ్ళి బండి ఎక్కాడు. అక్క నా తల మీద చెయ్యి వేసి, ఆయన పక్కన కూర్చుంది. మళ్ళీ నేను ఆమెను చూడలేదు.

ఇప్పుడు మదీనాగూడలో ఉంటున్నాను. రోజూ డైరీలో మొదటి వాక్యం ఆ రోజు నేను చేసిన పొరపాటు. రెండోది, దాన్ని ఎవరికి చెప్పానన్నది. ఆ రెండో వాక్యం రాయలేని రోజులు కొన్ని ఉంటాయి. అలాంటప్పుడు మర్నాడు తెల్లవారగానే కాఫీ కూడా తాగకుండా చెప్పులేసుకుని, చెప్పవలసిన వాళ్ళింటికి వెళతాను.