టీచరమ్మ చివరిగా అడిగిన మాట

"టీచరమ్మ పోయిందే. పొద్దుగాల చాయ్ ఇయ్యనీకి పోతే లేవలే," అని పోయిన ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. నేను యాప్రాల్ నుంచి చిలకలగూడ చేరేసరికి ఆవిడను చర్చికి తీసుకెళ్లిపోయారు.

గుంటూరు నుంచి బడి ఉద్యోగం మీద వచ్చి, మా పక్క వాటాలో ఒంటరిగా ఉండిపోయిన మనిషి ఆవిడ. వేసవి సాయంత్రాలు కరెంటు పోగానే విసనకర్ర పట్టుకుని మా మెట్ల మీదికి వచ్చేవారు. అక్షరాల ఆట మొదలయ్యేది. ఒకరు అక్షరం ఇస్తే ఇంకొకరు దానితో మొదలయ్యే మాట చెప్పాలి. ఒకసారి చెప్పింది మళ్లీ చెల్లదు.

ఒకసారి "ఔషధం" అనే మాట చెప్పడం అయిపోయాక, ఇక గెలిచినట్టేనని అమ్మ మళ్లీ "ఔ" ఇచ్చింది.

"ఔదల," అన్నారు టీచరమ్మ.

"గిదేం మాట? ఎన్నడన్న విన్నమా?"

"తలండీ! ఔదల మీద చెయ్యేసి దీవించారు, అనొచ్చు," అంటూ నా తల మీద చెయ్యి పెట్టారు.

"ఝ" ఇస్తే "ఝషం" అన్నారు. చేప అట. మర్నాడు అమ్మ గిన్నె పట్టుకెళ్లి, "టీచరమ్మా, ఝషం పులుసు చేసిన. జెర రుచి చూడుండ్రి," అంది. ఆవిడ నవ్వలేక కుర్చీలో కూలబడ్డారు. "ఈ మాటను వంటింట్లోకి తెచ్చింది మీరేనండీ," అన్నారు.

నిరుడు ఆవిడకు పక్షవాతం వచ్చింది. మెల్లగా నడక వచ్చింది గానీ మాట రాలేదు. ఏది కావాలన్నా "అది... అది..." అనేవారు. మేం చెప్పేదంతా అర్థమయ్యేది. అందుకే చూడటం మరీ కష్టంగా ఉండేది.

పోయిన నెల వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అది," అన్నారు.

నీళ్లా? కాదు. ఫ్యానా? కాదు. బైబిలా? గుంటూరులో ఎవరినైనా చూడాలనుందా? తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. నాకు తోచిన మాటలన్నీ అయిపోయాయి. వాటిలో సగం ఆవిడ నేర్పినవే.

"ఏం గావాలె తల్లీ? జెర చూపియ్యి," అంటూ అమ్మ ఏడ్చేసింది. టీచరమ్మ గదంతా కలయజూశారు. చూపించడానికి అక్కడ ఏదీ దొరకలేదు. చివరికి తన కొంగుతో అమ్మ కళ్లే తుడిచారు.

ఆవిడ అడిగిందేమిటో మాకు ఇక తెలియదు.

ఆ రోజు గేటు దాటి వెనక్కి చూశాను. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పెదవులు గుండ్రంగా చుట్టి, ఏదో మాట మొదలుపెట్టబోయి, అలాగే ఆగిపోయారు.