అడ్డచుట్ట, ఆ రోజు మా నవ్వు

ఒరే బుల్లోడా... నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. నువ్వు లేవు కాబట్టి ఇక్కడ అందరికీ చెబుతున్నాను.

మా చిన్నప్పుడు... కళింగపట్నం దగ్గర మా అమ్మమ్మ ఇసుకలో చేపలు ఎండబెడుతూ అడ్డచుట్ట తాగేది. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని, పెదవులు మూసి, రెండు చేతులతో పని చేసుకునేది. సముద్రం గాలికి చుట్ట ఆరదు, పని ఆగదు. మా వైపు ఆడవాళ్లకు అది మామూలే.

పొయ్యిలో ముట్టించి తేవడం నా పని. ఒకరోజు తెస్తూ తెస్తూ నోట్లో పెట్టుకోబోయాను... చూసేసింది.

"ఏటే గుంటా, నీకూ కావాలేటి? ఇలా రా. నా నోట్లో సూడు" అని నోరు తెరిచింది. అంగిలంతా తెల్లగా, చుక్కలు చుక్కలుగా కాలిపోయి ఉంది.

"కూరలో ఉప్పుందో లేదో నాకు తెల్దే. నీకొద్దు."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకుని చేపలు తిరగేసింది. నేను జన్మలో ముట్టలేదు.

మరి నీకెందుకు చెప్పలేకపోయాం...

నీకప్పుడు పదమూడేళ్లు. మీ నాన్న నారు తీసి వచ్చి, చేతులు బురదగా ఉన్నాయని, బీడీ ముట్టించి తెమ్మన్నాడు. దారిలో ఆరిపోతోందని నువ్వు ఒక దమ్ము లాగావు. దగ్గొచ్చి కళ్లు ఎర్రబడ్డాయి.

అరుగు మీద కూర్చున్న మా తమ్ముడు, నీ మావ, "ఓలమ్మో, అల్లుడు మగోడైపోనాడప్పా" అన్నాడు.

"ముక్కులోంచి వదుల్రా, సూద్దుం" అన్నాడు మీ నాన్న.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు మా మొహాలు చూసి ఇంకో దమ్ము లాగావు... మొదటిది నిప్పు కోసం. రెండోది మా కోసం.

నీ ఇరవై ఎనిమిదో ఏట నోట్లో పుండు, క్యాన్సరన్నారు. విజయనగరంలో డాక్టరుగారు "బీడీ ఎవరు నేర్పారయ్యా?" అని అడిగితే, నువ్వు నా వైపు ఒకసారి చూసి "స్నేహితులేనండి" అన్నావు. నేనూ అవునన్నట్టు తల ఊపాను.

నువ్వు పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లందరూ "సావాసాల వల్లేనమ్మా" అన్నారు. అప్పుడూ తల ఊపాను. నీ స్నేహితుల తల్లులు నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు... వాళ్ల పిల్లల తప్పేం లేదని ఇన్నాళ్లకు చెబుతున్నాను.

ఇప్పుడు అడ్డచుట్ట తాగేవాళ్లు తక్కువైపోయారు. ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది. మొన్న ఒక పెళ్లిలో మీసాలు కూడా రాని పిల్లాడు సిగరెట్టు నోట్లో పెట్టుకుంటే, పెద్దవాళ్లే ఫోన్లో వీడియో తీస్తున్నారు. వెళ్లి "వద్దు బాబూ" అన్నాను. "ఊరికే సరదాకి పిన్నీ" అన్నారు.

మీకు మీ ఇంట్లో ఎవరు వద్దన్నారో, ఎవరు నవ్వారో రాయండి... అన్నీ చదువుతాను.

చివరి మూడు నెలలూ మా వాడికి గొట్టంతోనే గంజి పోశాను. మీరు తినే వేళ దాటిపోయి ఉంటుంది... లేచి అన్నం తినండి. కడుపు నిండా తినండి.