పసుపు చల్లిన మలుపు

"ఆదివారం పోటీ పెట్టాలా వద్దా అన్నది నువ్వు ముందురోజు దారి చూసి చేసే ఫోన్‌ని బట్టే" అని మా స్కీ క్లబ్ కోచ్ నాతో అన్నప్పుడు నా కాళ్లు నేల మీద నిలవలేదు. అమెరికాలోని పిస్కాటవేలో ఎమ్మెస్ చదువుతున్న రోజులవి. మాది కొండల మీంచి దూకే స్కీయింగ్ కాదు. సన్నటి పొడవాటి స్కీలు తొడుక్కుని, అడవి దారుల్లో మంచు మీద నడుస్తూ జారుతూ పోయే రకం. కిందటేడు మంచు కరిగి పోటీ రద్దయింది. ఈసారి కూడా వారం మధ్యలో వాన పడింది. నేను మొదటిసారి పాల్గొనబోయే పోటీ అది. ఇదీ పోతే నిజంగానే ఏడ్చేసేదాన్ని.

శనివారం నా రూమ్‌మేట్ కార్‌లో ఉత్తరాన కొండలవైపు బయల్దేరాం. తన దృష్టిలో ఇదంతా పనిలేని పని. అందుకే దారిలో ఇండియన్ స్టోర్ దగ్గర ఆపి, వారానికి సరిపడా సరుకులు కొన్నాకే కారు కదిలించింది.

పోటీ దారి మొదట్లోనే గ్లవ్ తీసి గుప్పెడు మంచు పిసికి చూశాను. సున్నుండలా ముద్ద కడితే తడి ఎక్కువున్నట్టు. నా చేతిలో మాత్రం పొడిపిండిలా రాలిపోయింది! సంతోషం పట్టలేక కేక పెట్టాను. వాన తర్వాత మళ్లీ మంచు బాగానే కురిసింది. అడ్డంగా పడిన కొమ్మలు లాగేస్తూ దారంతా తిరిగాను.

చివరి పల్లం మలుపులో మాత్రం లోపలి అంచున రాళ్లు తేలి ఉన్నాయి. పారతో మంచు తెచ్చి పోశాం, అయినా పొర పల్చగానే ఉంది. బయటి వైపు దారి భేషుగ్గా ఉంది. రాళ్లున్న చోట గుర్తు పెడితే చాలు. జెండాలు లేవు. అప్పుడు మలుపు పక్కనే రోడ్డు మీద ఆపిన కారు డిక్కీలోని సరుకులు గుర్తొచ్చాయి.

"ఆ పసుపు ప్యాకెట్ ఇటివ్వవే."

"ప్యాకెట్ మొత్తం మంచుల పోస్తవా? పిచ్చి లేసిందా? ఇంట్ల కూరల్ల ఏమెయ్యాలె?"

లాక్కుని చల్లేశాను. తెల్లటి మంచు మీద పచ్చగా, కళ్లకింపుగా కనిపించింది. వెంటనే కోచ్‌కి ఫోన్ చేసి, "పోటీ పెట్టేయండి!" అని అరిచాను.

మర్నాడు కోచ్ వచ్చి ఆ మలుపు చూసి ముక్కు మూసుకుంది. "ఇన్ని కుక్కలు ఎక్కణ్నుంచి వచ్చాయి?"

మంచు పచ్చగా ఉంటే ఈ దేశంలో కుక్కలు ఉచ్చ పోశాయనుకుంటారని అప్పుడు వెలిగింది నాకు. అది మేం వంటలో వేసుకునే పసుపని చెప్పాను. ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, "ఎవరికీ చెప్పకు. జెండాల కంటే ఇదే నయం" అంది.

నిజంగానే నయం. నా ముందు దిగినవాళ్లంతా ఆ పచ్చదనం చూడగానే మొహం చిట్లించి, బయటి అంచు పట్టుకుని పోయారు. ఒక్కరి స్కీ కూడా రాయికి తగల్లేదు. నా వంతు వచ్చింది. గాల్లో తేలుతున్నట్టుంది, ఒళ్లంతా ఉత్సాహం. ఎదురుగా పసుపు. పసుపును చూసి తప్పుకోవడం నా ఒంటికి అలవాటు లేదు. దగ్గరి దారని లోపలి అంచు మీదుగా దూసుకెళ్లాను.

స్కీ కొస రాయికి కొట్టుకుంది. బోర్లా పడ్డాను, మొహమంతా పసుపు.

పక్కనే నిలబడ్డ నా రూమ్‌మేట్ చప్పట్లు కొడుతూ అరిచింది: "పెళ్లికూతురివైనవ్ పో! లే, ఉరుకు!"

లేచి ఉరికాను. ఆ మలుపులో పడింది నేనొక్కదాన్నే.