తీగ పెట్టని నాలుగో గడి

నాకు దయ్యాలంటే భయం లేదు, అసహ్యం. ప్రొద్దుటూరులో మోటార్లను నడిపే డ్రైవు పెట్టెలు, ఇన్వర్టర్లు బాగుచేసే అంగడి నాది. "దానంతటదే ఆన్ అయితాందన్నా, ఏందో గాలి సోకింది" అంటూ పెట్టెలు మోసుకొచ్చే పెద్దమనుషులను ఎంతమందిని చూశానో! విప్పితే లోపల బల్లి చచ్చి ఉంటుంది. ఇదీ మీ దయ్యం, తీసుకుపొండి అంటాను.

ఈ పని నాకు నేర్పింది జమ్మలమడుగు మస్తాన్ మామ. కరెంటు తీసేసి, ఒక్కో భాగాన్నీ చూపుడువేలితో తాకి, ఏది ఎంత వేడెక్కిందో చెప్పేవాడు. అందరూ ఆహా ఓహో అనేవారు. నాకు ఒళ్ళు మండేది. నాలుగు తీగల మీటరు కొన్నాను. తీగ కొసను భాగానికి అంటిస్తే చాలు, ఎంత వేడో ఆ తీగ గడిలో అంకె పడుతుంది. ఒకరోజు పదిమంది ముందు మామ డెబ్బై డిగ్రీలన్నాడు, మీటరు యాభై ఎనిమిది అంది. "ఇంక ఆ యేలు జేబులో పెట్టుకో మామా" అని నవ్వాను. ఆయన మళ్ళీ నా అంగడి మెట్టెక్కలేదు.

పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కదులుతుంది గాని స్పర్శ పోయింది. ఆ చేతిమీదే బతికిన మనిషి. చూడ్డానికి ఒక్కసారే వెళ్ళాను.

ఈ ఎండాకాలం పులివెందుల దగ్గర ఒక చీనీతోటకు పిలిచారు. బోరు మోటారు అరగంటకే ఆగిపోతోంది, నీళ్ళు లేక బత్తాయి పిందె రాలిపోతోంది. రైతు డ్రైవు పెట్టెకు నిమ్మకాయలు కట్టాడు. తెంపి అవతల పారేశాను. వేడెక్కే మూడు భాగాలకు మూడు తీగలు టేపుతో అంటించాను. నాలుగోది పెట్టలేదు. తీగ లేని గడిలో గీతలే కనిపించాలి.

పదకొండు గంటలప్పుడు ఆ గడిలో నలభై రెండు పడింది. తర్వాత అరవై. తర్వాత ఎనభై ఎనిమిది.

"తీగె ల్యాకనే చూపిస్తాందే, ఏందప్పా ఇది?" అన్నాడు రైతు.

"నీ నిమ్మకాయల మహిమ" అని మీటరును ఒక్కటి చరిచాను. గీతలు వచ్చాయి.

మూడు తీగల అంకెలూ మామూలుగానే ఉన్నాయి, అయినా మోటారు ఆగింది. చివరికి విసుగొచ్చి, నేనెప్పుడూ లెక్కచేయని, పెట్టె మూలనున్న కెపాసిటరుకు ఒక తీగ మార్చి మళ్ళీ నడిపాను. ఎనభై ఎనిమిది. దాన్ని తీసి కొత్తది వేశాక మోటారు ఆగలేదు.

బస్సులో ఉండగా మామ భార్య ఫోన్ చేసింది. ఏడుస్తూనే నవ్వుతోంది. "పదకొండు గంటలప్పుడు, కాల్తాందే అని చెయ్యి లాక్కున్యాడప్పా! స్పర్శ వచ్చింది!"

నేను జమ్మలమడుగు చేరేసరికి ఆ స్పర్శ మళ్ళీ పోయింది. చూపుడువేలి కొసన చిన్న బొబ్బ ఉంది. టీ గ్లాసో ఏదో తగిలి ఉంటుందన్నాను. మంచం దిగనే లేదంది అత్త. నవ్వులాటగా మీటరు చేసిన పిచ్చిపని చెప్పాను. కెపాసిటరు సంగతి ఎత్తలేదు.

మామ బొబ్బనే చూసుకుంటూ అన్నాడు: "మూలనుండేదే గదరా? దాన్ని నువ్వు యానాడన్నా చూసినావా?"

"మూలదే మామా, యానాడూ చూడలే" అన్నాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఈ పొద్దు నువ్వేం జేసినావో, అదే మళ్ళా ఒక తూరి జెయ్యప్పా. నీకు పున్నెముంటాది."

మీటరు తీగల కొసలను మరిగే నీళ్ళలో పెట్టి పరీక్షించాను. ఏ దోషమూ లేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను, నమ్మేవాళ్ళను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మంటే. ఇది మాత్రం ఏమిటో నాకు తెలియదు. ఏ పెట్టె విప్పినా ముందు మూల చూస్తాను, నాలుగో గడి ఖాళీగా ఉంచుతాను. సాయంత్రమైతే అత్త ఫోన్ చేస్తుంది, ఈ పొద్దేమన్నా పడిందా అని.

గీతలే అత్తా, అంటాను.

"రేపు చూడప్పా" అంటుంది.