మాలకొండయ్య వాకబు

మాలకొండయ్య పొట్టేలును కొనడానికి వెళ్తే ముందు దాని తల్లిని చూపించమంటాడు. తల్లి లేదంటే ఇక బేరం కూడా లేదు, కండువా దులుపుకుని వచ్చేస్తాడు. ఉదయగిరి చుట్టుపక్కల గొర్రెలవాళ్లందరికీ ఆయన చాదస్తం తెలుసు. నవ్వుకుంటారు గానీ, ఆయన మంద వంక చూసి నోరు మూసుకుంటారు.

అలాంటి మనిషికి మనవరాలు భవ్యశ్రీ మాట మానేయడంతో కాళ్లూ చేతులూ ఆడలేదు. తొమ్మిదో తరగతి పిల్ల, సెలవులకు హాస్టల్ నుంచి వచ్చింది. పెడితే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది, పలకదు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. వాళ్ల రజిని టీచరు మాత్రం ఆత్మకూరులో పిల్లల మనసుకు వైద్యం చేసే డాక్టర్ విజయకుమారి దగ్గరికి తీసుకుపొమ్మంది.

"పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని కోడలు పెంచలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. మాలకొండయ్య ఒక్కటే అడిగాడు.

"ఆయమ్మ తల్లి యాడుంటాది?"

వింజమూరులో ఉంటుందని తెలియగానే బస్సెక్కాడు.

డాక్టరు తల్లి రామసుబ్బమ్మ ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "మీ అమ్మాయి సంగతి కనుక్కుందామని వచ్చినాను" అనగానే ఆమె ముఖం వెలిగిపోయింది. పెళ్లికాని కూతురున్న ఇంటికి కండువా వేసుకున్న పెద్దమనిషి వచ్చి ఆ మాటంటే, ఎవరో సంబంధం వాళ్లు పంపారనే ఏ తల్లయినా అనుకుంటుంది పాపం. ఇక మొదలుపెట్టింది. పిల్ల బంగారం, ఎదురు చెప్పి ఎరగదు, కష్టమంటే తెలియకుండా పెరిగింది, గుత్తివంకాయ చేసిందంటే గిన్నె ఖాళీ.

మాలకొండయ్య మనసు నీరుగారిపోయింది. కష్టం తెలియని మనిషికి తన పిల్ల ఏం అర్థమవుతుంది? పైగా మధ్యలో ఈ వంకాయ ఎందుకొచ్చిందో అంతుపట్టలేదు. గ్లాసు కింద పెట్టి లేచాడు.

"అబ్బాయి ఏం చేస్తా ఉంటాడన్నా?" అందామె.

"ఏ అబ్బాయమ్మా? నేనొచ్చింది నా మనవరాలి కోసం. పిల్ల మాట్లాడడం మానేసినాది. మీ కూతురి చేతిలో పెట్టొచ్చునా అని అడగడానికి వచ్చినాను."

రామసుబ్బమ్మ లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"సంబంధాల వాళ్లకి ఈ మాట చెప్పనన్నా. వాళ్ల నాయన పోయినాక మా విజయ కూడా ఇట్టనే నోరు తెరవలేదు. నేను తిట్టినాను, కొట్టినాను. నాకేం తెలుసు? ఆఖరికి నెల్లూరులో ఒక డాక్టరమ్మకి చూపించినాను. ఆయమ్మ ఏమీ అడిగేది కాదు, పక్కన ఊరికే కూర్చొనేది. ఒకరోజు నా బిడ్డే నోరు తెరిచి, 'అమ్మా, ఆకలేస్తా ఉండాది' అనింది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎవురికీ చెప్పబాకన్నా."

"చెప్పనమ్మా" అన్నాడు మాలకొండయ్య. ఆ తల్లి మీద ఆయనకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంటికొచ్చి కోడలితో, "తల్లిని చూసొచ్చినాను. రేపు పిల్లని తీసుకోని ఆత్మకూరు పోతాను" అన్నాడు.

"నా గురించి ఎవరు చెప్పారు పెద్దాయనా?" అని మరునాడు డాక్టరు అడిగింది.

"రజిని టీచరమ్మా" అన్నాడు మాట తప్పకుండా.

డాక్టరు భవ్యశ్రీని ఏమీ అడగలేదు. బల్ల ఇవతలికి వచ్చి, కుర్చీ లాక్కుని పిల్ల పక్కన ఊరికే కూర్చుంది. మాలకొండయ్య చప్పుడు కాకుండా లేచి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేశాడు.