మామ్మ జానా బెత్తెడు

మా చిన్నప్పుడు... యానాంలో మా ఇంటి పొయ్యెక్కే ప్రతి చేపా ముందు మా మామ్మ చేతి కిందకి రావాలి. జాన చాచి, పక్కన నాలుగు వేళ్లు ఆనించి కొలిచేది. ఆ జానా బెత్తెడుకి ఏ కాస్త తగ్గినా వెనక్కే... "ఒక్కసారైనా గుడ్లు పెట్టనియ్యండే దాన్ని" అనేది.

ఒక శనివారం మధ్యాహ్నం పాస్టరుగారు మా ఇంటికి భోజనానికి వస్తానన్నారు. కొరమీను పులుసు పెడతానని మామ్మ వారం ముందే చర్చి అంతా చాటేసింది. ఇక మా పరువు మొత్తం ఆ పులుసు మీదే!

తీరా ఆ పొద్దున మామ్మకి మోకాళ్లు పట్టేశాయి. చేపలు తెచ్చే పని నా మీద పడింది... నాకప్పుడు ఎనిమిదేళ్లు. జానా బెత్తెడు మర్చిపోవద్దని పదిసార్లు చెప్పి పంపింది.

దరియాలతిప్ప నుంచి చేపలు తెచ్చే అచ్చమ్మత్త దగ్గర కూర్చుని బుద్ధిగా కొలిచాను. ఆరు చేపలు అచ్చంగా సరిపోయాయి. అత్త ఎందుకు నవ్వుతోందో మాత్రం అర్థం కాలేదు. బతికున్న చేపల్ని సత్తు బకెట్టులో నీళ్లు పోసి తెచ్చాను.

మామ్మ బకెట్టులోకి చూసింది... నన్ను చూసింది.

"ఎవరి చేత్తో కొలిసేవే?"

"నా చేత్తోనే మామ్మా."

అమ్మ, నాన్న పడీపడీ నవ్వారు. మామ్మ నవ్వలేదు. ఈ ఒక్కసారికి కోసేద్దాం అత్తయ్యా అని అమ్మ బతిమాలింది. మామ్మ మంచం మీద కూర్చుని చాలాసేపు ఆ బకెట్టు వంకే చూసింది... పాపం, వారం రోజుల గొప్పలు కదా. చివరికి కర్ర అందుకుని, బకెట్టు పట్టుకుని రమ్మంది. ఇద్దరం వెళ్లి ఆరింటినీ కాలవలో వదిలేశాం.

తిరిగొస్తుంటే ఎదురుగా స్కూటరు మీద పాస్టరుగారు! బకెట్టులో ఏం తెస్తున్నారని అడిగారు. మామ్మకి అబద్ధం రాదు.

"మీ పులుసేనండి అయ్యగారూ... ఇప్పుడే కాలవలో వదిలేసొచ్చేం."

ఆ పూట గుడ్ల కూర, పప్పుచారు. అయ్యగారు భోజనానికి ముందు ప్రార్థనలో ఆ ఆరు చేపలూ త్వరగా ఎదగాలని కూడా అడిగారు... 'త్వరగా' అన్నది కాస్త ఒత్తి పలికారు.

ఇప్పుడు మామ్మ లేదు. చేపల బజారులో నేనూ జానా బెత్తెడు కొలుస్తానని, నన్ను చూడగానే అమ్మేవాళ్లు కొలత మేడమ్ వచ్చిందంటారు. చెరువు చేపైతే ఏం మేత వేశారని కూడా అడుగుతాను మరి, విసుక్కోరా!

నా చెయ్యి సరిగ్గా మామ్మ చెయ్యంత అయింది... గోదారి చేపలే ఇప్పుడు చిన్నవైపోయి, నా ఎనిమిదేళ్లప్పటి చేతికి సరిపోయేలా వస్తున్నాయి. చాలాసార్లు ఖాళీ సంచితో ఇంటికొచ్చి గుడ్లు ఉడకేస్తాను.

మీ ఇంట్లో కూడా ఇలా కొలిచే చెయ్యి ఉండేదా? మీరూ ఎన్నిసార్లు గుడ్ల కూర తిన్నారో చెప్పండి...