గట్టయ్య ఊపిరి లెక్క

ఊపిరి పీల్చే ప్రాణి కంటబడితే గట్టయ్య లెక్కపెట్టకుండా ఉండలేడు. పెళ్లికి పోతే అయ్యగారి ఊపిరి, బస్సెక్కితే కండక్టరు ఊపిరి. చేతి గడియారం చూస్తూ పెదవులు కదుపుతాడు. నిమిషం కాగానే తీర్పు చెబుతాడు. “నీది ఇరవై ఆరు. కూసో.” ఎదుటివాడు కూర్చోనిదే వదలడు.

“ముప్పై మూడేండ్లు బొగ్గు బాయిల గాలి చూసిన. నా షిఫ్టుల ఒక్కడన్న సొమ్మసిల్లి పడ్డడా?” అని కూడా అడుగుతాడు. పడలేదని భార్య అనసూర్య వెయ్యిసార్లు ఒప్పుకుంది. పెళ్లయిన కొత్తలో మొగుడు రెప్పవేయకుండా చూస్తుంటే ఆమె మురిసిపోయింది. “పద్దెనిమిది. మంచిగున్నది,” అన్నాక ముఖం తిప్పుకుంది.

తెలంగాణ రావడానికి నాలుగేళ్ల ముందు మాట. ఆ మే నెలలో గోదావరిఖనిలో బొగ్గుపొడి పట్టిన చెట్లు ఆకు కదపలేదు. వెనకవాడలో రెండు బర్రెలు వడదెబ్బకు ఒక్కరోజే పోయాయి. క్వార్టర్ల వెనక రేకుల కొట్టంలో పోశవ్వ జెర్సీ ఆవు నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ నిలబడే ఉంది. పడుకోవడమే మానేసింది. ఎనిమిది లీటర్లిచ్చేది మూడుకు దిగింది. దూడ అప్పటికే చచ్చిపోయింది. మొగుడు పోయినప్పటి నుంచి పోశవ్వకు ఆ ఆవే బతుకు. ఇక లాభం లేదని, అమ్మేయడానికి ఆదివారం పశువుల బేరగాణ్ణి రమ్మంది.

అయినా నడిఎండలో నల్లా నుంచి బిందెలు మోసి ఆవు మీద గుమ్మరిస్తూనే ఉంది. ఎవరైనా బిందె అందుకోబోతే, “నాకు చేతుల్లేవా?” అనేది.

గట్టయ్య వచ్చి ఆవు డొక్క వైపు నిమిషం చూశాడు.

“తొంబై రెండు.”

“అంటే ఏందన్నా?”

“నిలవడ్డ కాన్నే ఉరుకుతున్నట్టు.”

“నీళ్లు పోస్తనే ఉన్న గద.”

“గాలి ఆడని కాడ నీళ్లు పోస్తే ఆవిరి పట్టినట్టే. బాయిల మాకెరుక. ముప్పై మూడేండ్లు…”

“ఒక్కడు పడలేదు. విన్న,” అంది పోశవ్వ.

ఆ సాయంత్రమే గట్టయ్య కొట్టానికి రెండు పక్కలా దడి విప్పేశాడు. రేకుల మీద వరిగడ్డి పరిచాడు. బాయిలో గాలిని మలపడానికి పరదాలు కట్టినట్టు, గాలి వచ్చే పక్క తడి గోనెసంచులు వేలాడదీశాడు. తెల్లారి పోశవ్వ చేతిలో గడియారం పెట్టాడు.

“పన్నెండు నుంచి మూడు దాక ఈ నీడల కదలకుండ కూసొని ఆవు ఊపిరి లెక్కపెట్టు. నల్లా కాడికి నేను పోత. లెక్క తప్పితే మొదటికొస్తది.”

“గిదేం వైద్యమన్నా?”

“బాయి వైద్యం.”

ఆవు కోసమంటే పోశవ్వ కూర్చుంది. గడియారం సరిగ్గా నడుస్తుందో లేదో చూడాలంటూ గట్టయ్య రోజుకోసారి దాన్ని తీసుకుని ఆమె ఎదుట నిలబడేవాడు. ఆదివారం బేరగాడొచ్చాడు. వాడిది ముప్పై. గట్టయ్య వాణ్ణి కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, ఉత్తచేతులతో పంపించాడు.

నెలాఖరుకు అనసూర్య కొట్టం గోడ మీద బొగ్గుతో రాసిన అంకెలు చూసింది. పై వరస తొంబై రెండు నుంచి అరవైకి దిగింది. కింద వరస ముప్పై ఎనిమిది నుంచి ఇరవైకి.

“మీదిది ఆవుది. కిందిది ఎవలదయ్యా? దూడ సచ్చిపాయె గద.”

గట్టయ్య ఆవు తోక సర్దాడు. “మెల్లగ మాట్లాడు. ఎండల మొయ్యొద్దంటే ఇనే మనిషా అది? ఆవుకన్న ముందుగాల ఆమెనే పడేది.” బిందెలు తీసుకుని నల్లాకు పోయాడు.

జూన్ సగమైనా చినుకు లేదు. పాలు ఐదు లీటర్ల దగ్గరే ఆగాయి. ఆవు ఆ ఏడు చూలు కట్టలేదు. అయినా అది పోశవ్వ కొట్టంలోనే ఉంది, పడుకుని నెమరేస్తోంది.

ఒక మధ్యాహ్నం గట్టయ్య రెండు బిందెలతో వచ్చేసరికి పోశవ్వ గడియారం చూస్తూ పెదవులు కదుపుతోంది.

“ఎంతున్నది ఆవుది?”

“ఆవుది కాదన్నా. నీది నలభై. కూసో.”

గట్టయ్య ముప్పై మూడేళ్ల మాట ఎత్తబోయాడు. ఊపిరి అందలేదు. కూర్చున్నాడు.

కొట్టంలోనే ఉన్న అనసూర్య గోడ మీద మూడో వరస రాయడానికి బొగ్గుముక్క వెతికింది.